ఇంట్లో బైబిలు స్టడీ మొదలుపెట్టడం ఎలా? ఫిలిప్పీ పత్రికతో ఎనిమిది వారాలు

మన క్రైస్తవుల ఇళ్లలో గోడ మీద క్యాలెండర్లు చూస్తే ఎక్కడో ఒకచోట ఈ వచనం కనిపిస్తుంది: "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." ఫిలిప్పీ 4:13, అంటే అపొస్తలుడు పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరంలో (దాన్నే పత్రిక అంటాం) నాలుగో అధ్యాయం, పదమూడో వచనం. పరీక్షకు వెళ్లే పిల్లల ప్యాడ్ మీద, ఆటో అద్దం మీద, కొత్త షాపు గుమ్మం మీద కూడా ఇదే ఉంటుంది. డిసెంబరు 31 రాత్రి చర్చిలో, కొత్త ఏడాదికని ఒక్కో వచనం రాసి పెట్టే వాగ్దాన కార్డుల బుట్టలో చెయ్యి పెడితే చాలామందికి వచ్చేదీ ఇదే. నాకూ వచ్చింది, రెండుసార్లు.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో ఏడుగురం కూర్చుని ఈ వచనాన్ని దాని పైనున్న రెండు వచనాలతో కలిపి చదివాం. "దీనస్థితిలో ఉండ నెరుగుదును, సంపన్నస్థితిలో ఉండ నెరుగుదును" అన్నచోట, కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుకొనే ఒక అక్క తలెత్తి అడిగింది: "అయితే పౌలుగారు కూడా పస్తులున్నాడా అన్నా?" ఆమె ఇరవై ఏళ్లుగా చర్చికి వస్తోంది. ఆ వచనం ఆమెకు కంఠతా వచ్చు. దాని పక్కన ఆకలి ఉందని మాత్రం ఆ రోజే చూసింది. తర్వాత పది నిమిషాలు తన ఇంటి సంగతి చెప్పింది. అంతవరకు అది మాలో ఎవరికీ తెలియదు.

ఆదివారం ప్రసంగం మధ్యలో ఆమె ఆ ప్రశ్న అడగలేదు, అక్కడ ఎవరూ అడగలేరు. చిన్న గుంపు ఉండాల్సింది ఇలాంటి ప్రశ్న కోసమే. మన దగ్గర గృహ కూడికలకు కొదవ లేదు గానీ వాటిలో చాలావరకు నాలుగు పాటలు, ఒక ప్రసంగం, ప్రార్థన, టీతో అయిపోతాయి. ఇంటికి తెచ్చిన ఆదివారం ఆరాధనలాగే ఉంటాయి. కింద రాసింది వేరే పద్ధతి: అందరూ బైబిలు తెరిచి, అందరూ నోరు తెరిచి, ఒకే పత్రికను మొదటినుంచి చివరిదాకా చదవడం.

ముందుగా పాస్టరుగారికి చెప్పండి

మీరు ఏ సంఘానికి వెళ్తుంటే ఆ సంఘ కాపరికి ముందే చెప్పండి. చాటుగా మొదలుపెట్టిన గుంపు రెండో నెలలో అనుమానానికి, ఆరో నెలలో చీలికకు దారితీస్తుంది. "అయ్యగారూ, ఎనిమిది వారాలు ఫిలిప్పీ పత్రిక చదువుకుందామనుకుంటున్నాం. కానుకలు ఎత్తం, ఆదివారం ఆరాధన మానం, మాకు అర్థం కాని ప్రశ్నలు రాసుకుని మీ దగ్గరికి వస్తాం" అని నేరుగా అడగండి. ఈ మూడు మాటలూ ఇచ్చాక వాటి మీద నిలబడండి. ముఖ్యంగా డబ్బు విషయంలో. ఆ గుంపులో కానుకలు, చీటీలు, అప్పులు, పాలసీల అమ్మకాలు ఏవీ ఉండకూడదు. ఎవరికైనా నిజంగా అవసరం వస్తే సంఘం ద్వారా గానీ, చేతనైనవాళ్లు విడిగా వెళ్లి గానీ సాయం చేయాలి.

ఎంతమంది, ఎవరింట్లో, ఏ రోజు

ఆరుగురి నుంచి పదిమంది. పన్నెండు దాటితే ఇద్దరు మాట్లాడతారు, పదిమంది వింటారు. ఈ లెక్క కొత్తదేమీ కాదు. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, కట్టిన మందిరం అప్పు తీర్చడానికి మెథడిస్టు అనే క్రైస్తవ ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీ అనుచరులు సభ్యులను దాదాపు పన్నెండుమంది చొప్పున 'క్లాసు'లుగా విడగొట్టి, ఒక్కొక్క క్లాసుకు ఒక నాయకుణ్ణి పెట్టారు. మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చేయడం అతని పని. ఇంటింటికీ తిరగడంతో ఎవరి బతుకు ఎలా ఉందో, ఎవరు జారిపోతున్నారో నాయకులకు తెలిసిపోయింది. అప్పు కోసం పుట్టిన ఏర్పాటు తర్వాత మెథడిస్టు ఉద్యమానికి వెన్నెముకైంది. మనిషి పేరు, ఇల్లు, కష్టం గుర్తుపెట్టుకోగలిగిన సంఖ్య అది.

అందరూ ఒకే వయసువాళ్లు, ఒకే ఉద్యోగంవాళ్లు కానక్కర్లేదు. కాకపోతేనే మంచిది. ఫిలిప్పీ సంఘం ఎలా మొదలైందో అపొస్తలుల కార్యములు 16లో చూడండి. నది ఒడ్డున ప్రార్థనకు కూడిన కొందరు స్త్రీలు, వాళ్లలో ఊదారంగు పొడి అమ్మే తుయతైర పట్టణస్థురాలు లూదియ, తర్వాత ఒక చెరసాల నాయకుడు, అతని ఇంటివాళ్లు. వ్యాపారం చేసే ఆవిడా జైలు ఉద్యోగీ ఒకే సంఘంలోకి వచ్చారు. మన సంఘాల్లో ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు కూడా కులం అడ్డొచ్చి ఒకరింట్లో ఒకరు భోంచేయని పరిస్థితి ఇంకా ఉంది. దీన్ని మాట్లాడకుండా దాటేయడం నాకు సరిగా అనిపించదు. కూడిక ప్రతి వారం ఒకే ఇంట్లో కాకుండా ఇల్లు మారుతూ ఉంటే ఒకరింటి మంచినీళ్లు ఒకరు తాగుతారు. ఉపన్యాసం అవసరం లేకుండానే ఆ అడ్డు కొంత తగ్గుతుంది.

ఇల్లు మారాలంటే ఒక షరతు ముందే పెట్టుకోవాలి: టీ, బిస్కెట్లు తప్ప ఇంకేమీ వద్దు. మొదటి వారం ఒకరు పెసరట్లు వేస్తే, రెండో వారం ఇంకొకరు చికెన్ బిర్యానీ పెడితే, మూడో వారం పెట్టలేనివాళ్లు "మా ఇంట్లో వద్దులెండి" అంటారు. మా గుంపులో సరిగ్గా ఇదే జరిగింది. కారణం తెలుసుకోవడానికి మాకు నెల పట్టింది.

వారంలో ఒక రోజు, ఒకే సమయం. రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా చాలా ఊళ్లలో కుదురుతుంది. పొలం పనుల రోజుల్లో దాన్ని మార్చుకోవాల్సిందే. కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి అక్కడ మనవాళ్లు ఆ రోజే కూడుకుంటారు. అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో పిల్లలకు తెలుగు చదవడం రాకపోతే ఇంగ్లీషు బైబిల్లోనే చదవనివ్వండి, చదివింది మాత్రం తెలుగులో చెప్పమనండి. తప్పులు పోయినా ఫర్వాలేదు. అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పాలనే ప్రయత్నంలో వాళ్లకే వచనం బాగా అర్థమవుతుంది.

మొదటి పుస్తకంగా ఫిలిప్పీ ఎందుకు?

కొత్త గుంపులు ఉత్సాహంతో బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం ఎత్తుకుంటాయి. మూడో వారానికి ముద్రలు, బూరలు, 666 దగ్గర వాదన మొదలై నాలుగో వారానికి సగం మంది రావడం మానేస్తారు. ఫిలిప్పీకి నాలుగే అధ్యాయాలు, 104 వచనాలు. మొత్తం గట్టిగా చదివినా ఇరవై నిమిషాలు పట్టదు. చింత, డబ్బు, జబ్బు, సంఘంలో ఇద్దరి మధ్య గొడవ, జైలు, చావు భయం, అన్నిటి మధ్యలో సంతోషం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఎవరికీ "ఇది మాకు సంబంధం లేదు" అనిపించదు.

కొంచెం నేపథ్యం తెలిస్తే చాలు. ఫిలిప్పీ మాసిదోనియలో (ఇప్పటి ఉత్తర గ్రీసులో) రోమా వలస పట్టణం. క్రీ.పూ. 42లో అక్కడ జరిగిన పెద్ద యుద్ధం తర్వాత రిటైరైన సైనికులకు భూములిచ్చి స్థిరపరిచారు. రోమా పౌరసత్వం అంటే ఆ ఊళ్లో గొప్ప గర్వం. "మన పౌరస్థితి పరలోకమునందున్నది" అని పౌలు 3:20లో రాసినప్పుడు అది వాళ్లకు ఎక్కడ తగిలిందో ఇప్పుడు ఊహించవచ్చు. ఉత్తరం రాసేటప్పటికి పౌలు బంధకాల్లో ఉన్నాడు. ఫిలిప్పీవాళ్లు ఎపఫ్రొదితు చేత అతనికి సాయం పంపారు. తెచ్చిన మనిషి దారిలోనో అక్కడికి చేరాకో చావుకు దగ్గరయ్యేంతగా జబ్బుపడి కోలుకున్నాడు. ఆ కృతజ్ఞత, ఆ బెంగ ఉత్తరం నిండా ఉన్నాయి.

ఎనిమిది వారాలను ఇలా పంచుకోవచ్చు:

1వ వారం: అపొ. కార్యములు 16:11–40, ఆ తర్వాత పత్రిక మొత్తం ఒక్క బిగిన గట్టిగా చదవడం
2వ వారం: 1:1–11
3వ వారం: 1:12–30
4వ వారం: 2:1–11
5వ వారం: 2:12–30
6వ వారం: 3:1–4:1
7వ వారం: 4:2–9
8వ వారం: 4:10–23

మొదటి వారం మొత్తం చదవడాన్ని మాత్రం వదిలేయొద్దు. పౌలు రాసిన ఉత్తరంలో అధ్యాయాలూ లేవు, వచన సంఖ్యలూ లేవు. అధ్యాయాలు 13వ శతాబ్దంలో వచ్చాయి. కొత్త నిబంధనకు మనం ఇప్పుడు వాడే వచన సంఖ్యలను రొబేర్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో వేశాడు. అవి వెతుక్కోవడానికి సౌకర్యం, అంతే. ఊరినుంచి వచ్చిన ఉత్తరాన్ని మూడో లైను ఒకరోజు, ఏడో లైను ఇంకోరోజు చదువుకోం కదా. ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్లు పుస్తకం మూసి వింటే ఇంకా మంచిది. ఫిలిప్పీవాళ్లలో ఎక్కువమంది దాన్ని విన్నారు, చదవలేదు.

నడిపేవాళ్ల సిద్ధపాటు

నడిపే మనిషికి ప్రసంగించడం రావాలని లేదు. రాకపోతే ఒక రకంగా మేలు కూడా. నేను మొదటిసారి గుంపు నడిపినప్పుడు నలభై నిమిషాలు నేనే మాట్లాడాను. చివర "ప్రశ్నలున్నాయా?" అంటే ఎవరూ పలకలేదు. అందరికీ అర్థమైందనుకున్నాను. నిజానికి వాళ్లకు మాట్లాడే చోటే నేను మిగల్చలేదు.

ఆ వారం భాగాన్ని మూడు వేర్వేరు రోజుల్లో చదవండి. మొదటి రోజు ఊరికే చదవండి. రెండో రోజు పెన్సిల్‌తో మళ్లీ మళ్లీ వచ్చే మాటల కింద గీత గీయండి. మూడో రోజు ప్రశ్నలు రాసుకోండి. ఎనిమిదికి మించొద్దు.

మన పాత తెలుగు బైబిలు భాష గ్రాంథికం. తెలుగులో కొత్త నిబంధన మొదటిసారి 1818లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఆ తర్వాత ఎన్నో సవరణలు జరిగినా, మనలో ఎక్కువమంది చేతిలో ఉన్న అనువాదం ఇప్పటికీ మన నోటి భాషకు దూరమే. ఆ భాష అందం నాకు ప్రాణం, దాన్ని వదిలేయమని చెప్పను. కానీ 'వృథాతిశయము', 'విజ్ఞాపనము', 'సణుగులు', 'ప్రేతోర్యము' లాంటి మాటలను అందరూ తెలిసినట్టే తల ఊపి దాటేస్తారు. అలాంటివి ముందే నాలుగైదు గుర్తుపెట్టుకుని, గుంపులో "దీన్ని మన ఇంట్లో మాటల్లో ఎలా అంటాం?" అని అడగండి. 'వృథాతిశయము' అంటే ఏమిటని అడిగితే మా దగ్గర ఒక పెద్దాయన "ఏమీ లేకుండానే మీసం తిప్పడం" అన్నాడు. దానికి మించిన వ్యాఖ్యానం నేను చదవలేదు. వాడుక భాషలో ఉన్న అనువాదం కూడా ఒకరి చేతిలో ఉంటే పక్కపక్కన పెట్టి చదవచ్చు. వ్యాఖ్యాన పుస్తకాలు చూడాలనుకుంటే ప్రశ్నలు రాసుకున్నాక చివర్లో చూడండి. ముందే చూస్తే వాళ్ల మాటలే మీ నోట్లోంచి వస్తాయి.

ప్రశ్నలు ఎలా ఉండాలి

కాలేజీలో ఇ.యు. (ఇవాంజెలికల్ యూనియన్) అనే క్రైస్తవ విద్యార్థుల గుంపులకు వెళ్లినవాళ్లకు ఈ వరస తెలిసే ఉంటుంది: ఏం రాసి ఉంది, దాని భావం ఏమిటి, నేను ఏం చేయాలి. మూడూ ఇదే వరసలో రావాలి. మనవాళ్లం మొదటిది దాటేసి నేరుగా మూడోదానికి దూకుతాం. వచనం చదవగానే "కాబట్టి మనం కూడా..." అని మొదలుపెడతాం. ఆ తొందరలో పేజీలో ఉన్నదాన్ని చూడం.

"దేవుడు మనల్ని ప్రేమిస్తున్నాడా?" అనేది ప్రశ్నే కాదు, అవునని అందరికీ తెలుసు. "ఈ వచనం ద్వారా మీరు పొందుకున్న ఆశీర్వాదం ఏమిటి?" అన్నా అలవాటైన జవాబే వస్తుంది. "పౌలు ఎక్కడున్నాడని ఈ భాగం చెబుతోంది? ఏ మాట వల్ల తెలిసింది?" అని అడిగితే అందరి కళ్లూ పుస్తకం మీదికి వెళ్తాయి. జవాబు పుస్తకంలో దొరికే ప్రశ్నతో మొదలుపెట్టడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. చదువు తక్కువైనవాళ్లు, సిగ్గరులు కూడా దానికి ధైర్యంగా జవాబు చెప్పగలరు.

అడిగాక ఆగండి. పది సెకన్ల నిశ్శబ్దం నడిపేవాళ్లకు పది నిమిషాల్లా ఉంటుంది. టెన్షన్‌లో మనమే జవాబు చెప్పేస్తాం. చెప్పొద్దు. మనసులో ఇరవై లెక్కపెట్టండి, ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

ఒక సాయంత్రం నమూనా: 8వ వారం, 4:10–23

ఏడున్నరకు ఎంతమంది ఉంటే అంతమందితో మొదలుపెట్టండి. టీవీ ఆపండి, ఫోన్లు ఒక పళ్లెంలో పెట్టించండి. కుర్చీలు చాలకపోతే అందరూ చాప మీదే కూర్చోండి. కొందరు కుర్చీల్లో, కొందరు కింద కూర్చుంటే మాటలో కూడా ఆ తేడా వస్తుంది. ఆడవాళ్లు ఒక మూల, మగవాళ్లు ఒక మూల కూర్చున్నా ఫర్వాలేదు గానీ అందరి ముఖాలూ అందరికీ కనిపించాలి.

ఒక పాట, చిన్న ప్రార్థన. పది నిమిషాలు చాలు.

తర్వాత పది నిమిషాలు, పోయిన వారం ఎవరు ఏం చేస్తామన్నారో, ఏమైందో పంచుకోండి. ఇక్కడ నిజం చెప్పడం నడిపేవాళ్లతో మొదలవ్వాలి. "చింతపడకుండా ప్రార్థన చేస్తానన్నాను. రెండు రోజులు చేశాను, మూడో రోజు మావాడి ఫీజు సంగతి వచ్చేసరికి రాత్రంతా నిద్రపోలేదు" అని మీరు చెబితే మిగిలినవాళ్లకు ఊపిరి ఆడుతుంది. మీరు సాక్ష్యాల్లో విజయాలే చెబితే వాళ్లు కూడా విజయాలే చెబుతారు, లేదా రావడం మానేస్తారు.

భాగాన్ని రెండుసార్లు చదవండి. ఒకసారి ఒకరు, రెండోసారి మనిషికో వచనం. చదవడం రానివాళ్లను ముందే గమనించి, వాళ్ల వంతు వచ్చేసరికి ఇబ్బంది పడకుండా చూడండి. "చదవాలనుకున్నవాళ్లు చదవండి" అంటే ఏ గొడవా లేదు. మా గుంపులో చదవడం రాని ఒక పెద్దమ్మ ఉంది. మనవరాలు ఫోన్‌లో ఆడియో బైబిలు పెట్టిస్తే వారమంతా విని వచ్చేది. మా అందరికంటే వచనాలు ఆమెకే గుర్తుండేవి.

ఇక ముప్పై ఐదు, నలభై నిమిషాలు ప్రశ్నలు. ఈ భాగానికి నేను వాడినవి ఇవి:

ఈ భాగంలో డబ్బు, అవసరం, లెక్కలకు సంబంధించిన మాటలు ఎన్ని ఉన్నాయి? (15 నుంచి 18 దాకా చూడండి. ఇచ్చి పుచ్చుకోవడం, లెక్క, ఫలం, అన్నీ సంతలో మాటల్లా ఉంటాయి.)
ఫిలిప్పీవాళ్లు పౌలుకు ఇంతకు ముందు ఎప్పుడు, ఎక్కడ సాయం చేశారు?
పౌలు "నేర్చుకొని యున్నాను" అంటున్నాడు. ఒక్కసారిగా వచ్చిందా, నేర్చుకున్నాడా? ఎలా నేర్చుకుని ఉంటాడు?
13వ వచనంలో "సమస్తమును" అంటే ఏవి? జవాబు 11, 12 వచనాల్లో వెతకండి.
సంతృప్తిగా ఉన్నానన్న మనిషి మళ్లీ వాళ్ల సాయానికి ఎందుకంత సంతోషపడుతున్నాడు? 14వ వచనం చూడండి.
19వ వచనంలో "దేవుడు... మీ ప్రతి అవసరమును తీర్చును" అని ఎవరికి చెబుతున్నాడు? వాళ్లు అప్పటికే ఏం చేశారు?
కడుపు నిండినప్పుడు దేవుణ్ణి నమ్మడం కష్టమా, ఆకలిగా ఉన్నప్పుడా? మీ బతుకులో ఏది?

అయిదో ప్రశ్న దగ్గర కొంతసేపు ఆగండి. సంతృప్తి అంటే ఎవరి సాయమూ వద్దని బిగుసుకుని కూర్చోవడం అనుకునేవాళ్లకు ఆ 14వ వచనం కళ్లు తెరిపిస్తుంది. నా కష్టంలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అంటున్నాడు. సాయం తీసుకోవడం నామోషీ అనుకునే మన మధ్యతరగతి ఇళ్లకు ఇది బాగా తగులుతుంది.

చివరి ప్రశ్న తర్వాత అందరూ రెండు నిమిషాలు మౌనంగా ఉండి ఈ వారం చేయబోయే ఒకే ఒక్క పని ఒక కాగితం మీద రాసుకోవాలి. "దేవునికి దగ్గరవుతాను" అని రాస్తే కుదరదు. "శనివారం మా అన్నకు ఫోన్ చేస్తాను", "కొత్త ఫోన్ ఈఎంఐ ఆలోచన ఈ ఏడాదికి మానుకుంటాను" అంత స్పష్టంగా ఉండాలి. వచ్చే వారం ఎవరైనా అడిగితే అవునో కాదో చెప్పగలిగే పని.

తర్వాత పావుగంట ప్రార్థన. మనవులు పంచుకోవడమే ఇరవై నిమిషాలు తింటుంది, ప్రార్థనకు రెండు నిమిషాలు మిగులుతాయి. అందుకే ఇద్దరిద్దరుగా విడిపోయి, ఒకరి మనవి ఒకరు విని అక్కడికక్కడే ప్రార్థించడం మేలు. తొమ్మిదికి ముగించండి. మంచి చర్చ మధ్యలో ఉన్నా సరే. తెల్లవారి ఐదింటికి లేచి టిఫిను పెట్టాల్సిన అక్కలున్నారు.

వచ్చే చిక్కులు

ఎప్పుడూ ఒక్కరే మాట్లాడితే, ముందు వాళ్ల పక్కనే కూర్చోండి. ఎదురుగా కూర్చుంటే ప్రతి ప్రశ్న తమకే అనుకుంటారు. "ఇంతవరకు మాట్లాడనివాళ్లు చెప్పండి" అనండి. అయినా ఆగకపోతే విడిగా కలిసి, "బ్రదర్, మీకు వాక్యం బాగా తెలుసు. మిగతావాళ్లు నోరు విప్పేలా నాకు సాయం చేయండి" అని అడగండి. చాలామంది మంచి మనసుతో ఒప్పుకుంటారు.

సిద్ధాంతం మీద వాదన మొదలైతే, బాప్తిస్మం చిలకరింపా ముంచడమా, సబ్బాతు ఏ రోజు, భాషలతో మాట్లాడటం, ఇలాంటివి ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టండి. వాటిని పాస్టరుగారి దగ్గరికి తీసుకెళ్తామని మాట ఇచ్చాం కదా. ఆ రాత్రి చదివిన భాగం వాటి గురించి మాట్లాడకపోతే మీరూ మాట్లాడొద్దు.

గుంపులో చెప్పింది గుంపు దాటకూడదు. దీన్ని మొదటి వారమే చెప్పి, ప్రతి వారం గుర్తుచేయండి. మన దగ్గర రహస్యాలు బయటికి పొక్కేది ఎక్కువగా ప్రార్థన రూపంలోనే: "ఫలానా సిస్టర్ ఇంట్లో గొడవల కోసం ప్రార్థించండి" అని వాట్సాప్‌లో పెట్టేస్తారు. ఆ సిస్టర్ ఇక జీవితంలో ఎవరికీ ఏమీ చెప్పదు. వాట్సాప్ గుంపును చోటు, సమయం, చదవాల్సిన భాగం చెప్పడానికే వాడండి.

కొన్ని విషయాలు గుంపు శక్తికి మించినవి. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి "లోబడి ఉండు, ప్రార్థించు" అని చెప్పి పంపేయడం పాపం. ఆమెకు ముందు కావలసింది భద్రత. అయినవాళ్ల ఇల్లు, మహిళా హెల్ప్‌లైన్ 181, అవసరమైతే పోలీసులు. చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలొద్దు, డాక్టరు దగ్గరికి మీరే వెంట తీసుకెళ్లండి. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు, మానసిక సమస్యల మందులు విశ్వాసం పేరుతో ఎవరి చేతా మానిపించకండి. ఎపఫ్రొదితు జబ్బుపడినప్పుడు పౌలు అతన్ని విశ్వాసం తక్కువైందని తిట్టలేదు, 2:27 చదవండి. దుఃఖం మీద దుఃఖం కలగకుండా దేవుడు కనికరించాడన్నాడు.

7వ వారంలో యువొదియ, సుంటుకే వస్తారు. సంఘంలో పౌలుతో కలిసి ప్రయాసపడిన ఇద్దరు స్త్రీలు, వాళ్ల మధ్య ఏదో పడలేదు. పౌలు పేరు పెట్టి బతిమాలుతున్నాడు, పక్కనున్నవాళ్లను సాయం చేయమంటున్నాడు. ఆ వారం మీ గుంపులోనో, మీ సంఘంలోనో ఇలాంటి ఇద్దరు గుర్తుకొస్తారు. పేర్లు బయట పెట్టనివ్వొద్దు. ఎవరు వెళ్లి కలుపుతారన్నది మాత్రం ఎవరికి వారు కాగితం మీద రాసుకోవచ్చు.

మిగిలిన ఆరు రోజులు

వారానికి గంటన్నర కూడికతో ఎవరూ ఎదగరు. ఆ గంటన్నర మిగిలిన రోజులకు దారి చూపాలి.

రోజుకు ఇరవై నిమిషాలతో మొదలుపెట్టండి. ఏడాదిలో బైబిలు మొత్తం చదవాలని జనవరి 1న కూర్చునేవాళ్లం చాలామందిమి లేవీయకాండంలో ఆగిపోతాం. 1,189 అధ్యాయాలంటే రోజుకు మూడుకు పైగా. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి అయిదు రోజులు, రోజుకు ఒక అధ్యాయం చదివితే సరిగ్గా 52 వారాల్లో పూర్తవుతుంది. శని, ఆదివారాలు తప్పిపోయినవి పూడ్చుకోవడానికి. అలవాటు లేనివాళ్లకు నేను చెప్పేది ఇదే. ఎనిమిది వారాల స్టడీ నడుస్తున్నప్పుడు మాత్రం ఆ వారం భాగాన్నే రోజూ చదవండి. ఆరు రోజులు ఒకే భాగం చదివితే విసుగొస్తుందనుకుంటారు. నాలుగో రోజు కొత్త మాట కనిపిస్తుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, చదివిన భాగం, కొత్తగా కనిపించింది ఒక వాక్యం, దేవునితో చెప్పాలనుకున్నది ఒక వాక్యం. అంతకంటే పొడుగ్గా రాయాలని పెట్టుకుంటే పదిరోజుల్లో మానేస్తారు. ప్రార్థన మనవులు వెనక పేజీల్లో రాసి, జవాబు వచ్చిన తేదీ వేయండి. జవాబు రానివి కూడా కొట్టేయకుండా ఉంచండి. మా అమ్మ నోట్‌బుక్‌లో ఒక మనవికి పదకొండేళ్ల తర్వాత తేదీ పడింది. కొన్నిటికి పడనే లేదు. రెండూ అదే పుస్తకంలో ఉన్నాయి.

వారానికి ఒక్క వచనం కంఠతా పట్టండి, దాని ముందు వచనంతో కలిపి. బస్సులో, పాలు పొంగే వరకు పొయ్యి దగ్గర నిలబడినప్పుడు, నిద్ర పట్టనప్పుడు అది పనికొస్తుంది.

గుంపులో మీకు దగ్గరనిపించిన ఒకరితో, ఆడవాళ్లయితే ఆడవాళ్లతో, మగవాళ్లయితే మగవాళ్లతో, పదిహేను రోజులకోసారి అరగంట కలవండి. అడగాల్సినవి మూడే: ఏం చదివావు, ఎక్కడ తప్పిపోయావు, నీకోసం ఏం ప్రార్థించను. అందరి ముందూ చెప్పలేనివి ఇక్కడ చెప్పుకోవచ్చు.

ప్రార్థన చేయబుద్ధి కాని రోజులు వస్తాయి, కొన్నిసార్లు నెలలు. అప్పుడు సొంత మాటల కోసం పెనుగులాడకుండా ఒక కీర్తన తీసి గట్టిగా చదవండి. 13, 42, 88 కీర్తనలు ఆ స్థితిలో ఉన్నవాళ్ల నోటి మాటలే. 88 అయితే చీకటిలోనే ముగుస్తుంది. దాన్ని కూడా దేవుడు తన పుస్తకంలో ఉండనిచ్చాడు.

ఎదుగుదల కొలవాలంటే ఎన్ని అధ్యాయాలు చదివామని లెక్కపెట్టకండి. మీ ఇంట్లోవాళ్లను అడగండి. ఆరునెలల కిందటికీ ఇప్పటికీ మీ గొంతు పెరగడంలో, పనిమనిషితో మాట్లాడటంలో, జీతం వచ్చిన రోజు చేసే ఖర్చులో తేడా ఏమైనా కనిపించిందా అని. జవాబు నచ్చకపోయినా దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఎనిమిదో వారం తర్వాత

రెండు వారాలు సెలవు తీసుకోండి. ఆగకుండా నడిపిస్తే నడిపేవాళ్లు, ఇల్లిచ్చేవాళ్లు అలిసిపోతారు. ఆపేద్దామనుకునేవాళ్లకు మర్యాదగా తప్పుకునే అవకాశం కూడా ఉండాలి. ఆ విరామంలో ఒకసారి అందరూ కలిసి భోంచేయండి, ఆ రోజు బిర్యానీ ఉండొచ్చు. పాస్టరుగారిని పిలవండి, పక్కన పెట్టిన ప్రశ్నల కాగితం ఆయన ముందు పెట్టండి.

తర్వాతి పుస్తకం చిన్నదే తీసుకోండి. రూతు నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు, అత్తాకోడళ్ల కథ, నాలుగు వారాల్లో అయిపోతుంది. యాకోబు పత్రిక అయిదు అధ్యాయాలు. ఆ తర్వాత మార్కు సువార్తకు వెళ్లవచ్చు, పదహారు అధ్యాయాలకు నాలుగైదు నెలలు కావాలి. గుంపు పన్నెండు దాటితే రెండు చేయండి, బాధగా ఉన్నా సరే.

రూతు మొదటి వారం మీరు నడపొద్దు. అయిదో వారం నుంచే ఒకరిని గమనిస్తూ ఉండండి. ఎక్కువ తెలిసినవాళ్లను కాకుండా, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే శ్రద్ధగా వినేవాళ్లను చూడండి. మా గుంపులో ఆ మనిషి కుట్టుమిషన్ అక్క. "నాకేం వచ్చన్నా" అంది. ప్రశ్నలు ఇద్దరం కలిసి రాశాం. కూడిక వాళ్ల ఇంట్లోనే, ఒకే గది, మిషన్‌ను గోడకు జరిపితే గానీ చోటు సరిపోలేదు. రూతు అత్త నయోమి తన బతుకు చేదైందని చెప్పే 1:20 చదివాక, "నయోమి చేదుగా మాట్లాడితే ఎవరైనా ఆమెను ఆపారా?" అని ఆమె అడిగింది. అడిగి, మేం ఎవరమైనా పలికేదాకా ఆగింది.